కాండక్ట్ సర్టిఫికెట్టు లేని ఫోల్డరు

మా గెడ్డపాలెం పురపాలక సంఘం కార్యాలయంలో, తొమ్మిదో తారీఖు ఉదయం పదీ ఇరవైకి, కుళాయిల సెక్షను కంప్యూటరు తెర మీద ఎవరూ ఎరగని ఫోల్డరు ఒకటి కనిపించింది. టైము ఇంత కచ్చితంగా ఎలా చెప్పగలుగుతున్నానంటే, దాన్ని ఫైల్లో రాసింది నేనే. ఈ ఆఫీసులో ఏ పని ఎందుకు జరగలేదో రాసిపెట్టే బాధ్యత ఇరవై ఏడేళ్లుగా నాది. నా పేరు సదాశివం, సీనియర్ అసిస్టెంటుని. నోట్ రాయడంలో జిల్లాలో నన్ను మించినవాడు లేడని ముగ్గురు కమిషనర్లు అన్నారు. నాలుగో ఆయన అనలేదు గానీ, ఆయనకు చదివే అలవాటు లేదు.

ఫోల్డరుని మొదట చూసింది మా మేనేజరు జగన్నాథ పట్నాయక్ గారు. చూసిన మరుక్షణం కుర్చీని రెండడుగులు వెనక్కి లాక్కుని నన్ను పిలిచారు. ఆయన భయానికి ఆధారం ఉంది. అంతకు రెండ్రోజుల ముందే, శనివారం నాడు, డైరెక్టరేటు నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. అందులో నాలుగో అంశం ఇలా ఉంది: "కార్యాలయ కంప్యూటర్లయందు గుర్తు తెలియని ఫోల్డరు ఏదేని కనిపించినచో, దానిని వైరస్ ఉనికికి సూచనగా భావించి, తెరువరాదు, తొలగింపరాదు, తాకరాదు. అది ఎవరిదో, ఎట్టిదో తగు విధమున నిర్ధారించుకొనిన పిమ్మటనే తదుపరి చర్య గైకొనవలెను." తగు విధం ఏమిటో అందులో లేదు. సర్క్యులర్లలో అసలు సంగతి ఎప్పుడూ మనకే వదిలేస్తారు. అది పైవాళ్లకు మన మీద ఉన్న నమ్మకం.

ఫోల్డరు పేరు "మెట్లవీధి కుళాయి దరఖాస్తులు 62". పేరు చదివాక నాకు పెద్దగా అనుమానం కలగలేదని ఒప్పుకుంటున్నాను. అది నా అనుభవలేమి. పట్నాయక్ గారు కళ్లజోడు సవరించుకుని, అనుమానించాల్సింది ఆ పేరునే అన్నారు. మన ఆఫీసులో ఫోల్డర్లకు ఉన్న పేర్లు చూడండి, "కొత్తది", "కొత్తది కొత్తది", "సారు చెప్పింది", "ఏఏఏ". ఇంత స్పష్టంగా, లోపల ఏముందో బయటికి తెలిసేలా పేరు పెట్టే మనిషి మన దగ్గర ఎవరున్నారని అడిగారు. ఆలోచిస్తే ఎవరూ గుర్తుకు రాలేదు. నోట్ పెట్టండి అన్నారు, పెట్టాను.

ఇక్కడ మెట్లవీధి గురించి కొంచెం చెప్పాలి. అది కొండ మీద ఉంది. అరవై రెండిళ్లు, నూట పన్నెండు మెట్లు. కుళాయి కింద ఉంది, ఇళ్లు పైన ఉన్నాయి. ఆ నెలలో కొత్త పథకం కింద ఊరంతా పైపులు వేస్తున్నారు. ముప్పయ్యో తారీఖు సాయంత్రం ఐదింటిలోగా ఏ వీధి జాబితా ఇంజినీరు గారి చేతికి అందితే ఆ వీధికి పైపులు వెళ్తాయి. అందకపోతే మిగిలిన పైపులు లారీ ఎక్కి పక్క ఊరికి పోతాయి. మళ్లీ ఎప్పుడొస్తాయో చెప్పగలిగినవాడు ఇంకా ఉద్యోగంలో చేరలేదు.

మెట్లవీధి తరఫున అరవై రెండు దరఖాస్తులు ఇల్లిల్లూ తిరిగి పోగుచేసి మా ఆఫీసుకి తెచ్చింది బోర సన్యాసమ్మ. అరవై దాటిన మనిషి, కుడి మోకాలు వంగదు. వయోజన విద్య క్లాసుల్లో చదువు నేర్చుకుంది కాబట్టి దరఖాస్తులన్నీ తానే చదివి, తప్పులున్నవి వెనక్కి పంపి దిద్దించింది. వాటిని మా కంప్యూటరులో ఎక్కించింది ఇందుమతి అని, ఔట్‌సోర్సింగు ఆపరేటరు. మాది కాగితరహిత కార్యాలయం కాబట్టి, ఎక్కించాక కాగితాలను నిబంధనల ప్రకారం చించేశాం. ఆ మర్నాడే ఇందుమతి ప్రసూతి సెలవు మీద పుట్టింటికి వెళ్లింది.

ఫోల్డరు ఆమెదే కావచ్చని నాకు తోచి ఫోన్ చేశాను. అవును, నేనే చేశాను, ఐదో తారీఖున, అంది. నమ్మకం లేకపోతే దాని మీద మౌసు పెట్టి కుడి బటన్ నొక్కండి, ఎప్పుడు పుట్టిందో, లోపల ఎన్ని ఫైళ్లున్నాయో కనిపిస్తుంది, ఇంకా అనుమానముంటే స్కాన్ పెట్టండి, రెండు నిమిషాల పని అంది. తెలియని ఫోల్డరు కనిపించగానే అది వైరస్ అయిపోదు సార్, ఎక్కువసార్లు ఎవరో చేసి మరిచిపోయిందే అయి ఉంటుంది, చూసుకుంటే సరిపోతుంది అని కూడా అంది. వెనకాల పసిపిల్ల ఏడుస్తోంది. శుభాకాంక్షలు చెప్పి పెట్టేశాను.

పట్నాయక్ గారికి ఈ సంగతి వివరంగా విన్నవించాను. ఆయన ఒక్కొక్కటే పక్కన పెట్టారు. కుడి బటన్ నొక్కడమంటే తాకడం, తాకరాదు. స్కాన్ చెయ్యాలంటే స్కానరు లోపలికి పోవాలి, అంటే తెరవడం, తెరువరాదు. పైగా స్కానరు గడువు నాలుగేళ్ల కిందటే ముగిసింది, ఆ మాట అది రోజూ పసుపుపచ్చ డబ్బాలో చెబుతూనే ఉంది. ఇక ఇందుమతి మాట అంటారా, ఫోల్డరు మంచిదని దాన్ని పుట్టించిన మనిషే చెబితే సాక్ష్యం ఎలా అవుతుంది? సెలవులో ఉన్నవాళ్ల సంతకానికి విలువ లేదు. ఔట్‌సోర్సింగు వాళ్ల సంతకానికి సెలవులో లేనప్పుడూ లేదు.

పదకొండో తారీఖున విషయం కమిషనరు త్రివిక్రమరావు గారి దాకా వెళ్లింది. ఆయన ఏ సమస్యనైనా ముందు గౌరవిస్తారు, తర్వాత సమావేశం పెడతారు. ఈ అంశాన్ని సమగ్ర, సమన్విత, సమయబద్ధ దృక్పథంతో సమీక్షించవలసిన ఆవశ్యకత ఉందని మొదలుపెట్టి నలభై నిమిషాలు మాట్లాడారు. చివరి ఐదు నిమిషాల్లో మాత్రం ఒక గొప్ప మాట చెప్పారు. ప్రభుత్వానికి తెలియని మనిషి ఉద్యోగానికి వస్తే ప్రభుత్వం ఏం చేస్తుంది? అతని కడుపు కోసి చూడదు కదా. ఒక గజిటెడ్ అధికారి దగ్గర కాండక్ట్ సర్టిఫికెట్టు తెమ్మంటుంది. మనుషులకు సరిపోయిన పద్ధతి ఫోల్డర్లకు ఎందుకు సరిపోదన్నారు.

గదిలో ఎవరూ నవ్వలేదు. నేను కూడా నవ్వలేదు. నిజం చెప్పొద్దూ, నాకు ఆ ఆలోచన నచ్చింది. ఫారం నమూనా నేనే తయారుచేశాను, నా వాక్యానికి కమిషనరు గారు కామా కూడా మార్చలేదు: "పై ఛాయాచిత్రమునందు కనబడుచున్న ఫోల్డరు నాకు గత ఐదు సంవత్సరములుగా వ్యక్తిగతముగా తెలియును. నాకు తెలిసినంతవరకు దీని నడవడిక సంతృప్తికరము. ఇది నాకు బంధువు కాదు." పై భాగంలో ఫోల్డరు పాస్‌పోర్టు సైజు ఫోటో అతికించడానికి చోటు వదిలాను.

ఒక్క ఫోల్డరుకే ఈ నియమం పెడితే వివక్ష అవుతుందని కమిషనరు గారు అన్నారు. అందుచేత కంప్యూటరులో ఉన్న రెండువందల పద్నాలుగు ఫోల్డర్లకూ ఫోటోలు తీయించాం. బజారులో ఫోటో స్టూడియో ఆయన వచ్చి, తెర ముందు స్టాండు పెట్టి, ఒక్కొక్కటే తీశాడు. అన్నీ ఒకేలా పసుపుపచ్చగా వచ్చాయి. పోల్చుకోవడం కష్టమవుతుందేమోనని నేను సందేహం వెలిబుచ్చితే, ఆధార్ ఫోటోల్లో మనం మాత్రం ఎలా ఉన్నామని పట్నాయక్ గారు అడిగారు.

ఊళ్లో అందుబాటులో ఉన్న గజిటెడ్ అధికారి జూనియర్ కాలేజీ ప్రిన్సిపాలు గారు. ఆయనకు రోజుకు నాలుగైదు వందల సంతకాలు అలవాటు. మాట్లాడుతూనే, టీ తాగుతూనే, రెండువందల పదమూడు ఫారాల మీద సంతకం పెట్టి ఆకుపచ్చ సిరాతో తేదీ వేసేశారు. వాటి మధ్యలో ఒక్కచోట మాత్రం ఆగి, ఆప్యాయంగా చూశారు. అది చిలక ఫోల్డరు.

చిలక సంగతి చెప్పలేదు కదూ. మా కంప్యూటరు తెర మీద రోజూ సరిగ్గా పదకొండింటికి ఒక పచ్చ చిలక ఎగురుతుంది. ఎగిరినంతసేపూ ఏ బటనూ పనిచేయదు. చిలక అటునుంచి ఇటు వెళ్లేసరికి పదిహేను నిమిషాలు పడుతుంది, ఆ టైములో ఆఫీసంతా టీకి వెళ్తాం. ఎప్పుడైనా ఒక ఫైలు కనిపించకుండా పోతే చిలక తీసుకుపోయిందని సర్దుకుంటాం. ఆరేళ్లుగా ఉంది. కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజే దాన్ని పరిచయం చేస్తాం. ప్రిన్సిపాలు గారు దాని ఫారం చూసి, ఇది మా కాలేజీ చిలకే, మా పెన్ డ్రైవులోనే మీ ఆఫీసుకి వచ్చింది, నాకు ఏడేళ్లుగా తెలుసని చెప్పి, ఐదు కొట్టేసి ఏడు వేశారు. నడవడిక సంతృప్తికరము అన్నచోట మిక్కిలి అని చేర్చారు. వేళకు రావడం ఈ రోజుల్లో ఎవరికుందన్నారు.

చివరిది మెట్లవీధి ఫారం. దాని మీద మాత్రం ఆయన కలం ఆగింది. ఫోల్డరు ఐదో తారీఖున పుట్టింది కదా, పుట్టి పది రోజులైనా కానిదాన్ని ఐదేళ్లుగా ఎరుగుదునని ఎలా రాయను, నేను అబద్ధపు సర్టిఫికెట్లు ఇచ్చే మనిషిని కాదు అన్నారు. మరి ఏం చెయ్యమంటారని అడిగాను. ఐదేళ్లు ఆగి తీసుకురండి, అప్పటికి నేను రిటైరవుతాను గానీ, నా తర్వాత వచ్చినాయనకు ఒక మాట చెప్పి పెడతానన్నారు.

సన్యాసమ్మ ఈ రోజులన్నీ ఆఫీసుకి వస్తూనే ఉంది. ఉదయం నీళ్లు మోసుకోవడం అయ్యాక, మెట్లు దిగి, మా వరండాలో స్తంభం పక్కన నిలబడేది. లిస్టు వెళ్లిందా బాబూ అని అడిగేది. పరిశీలనలో ఉందని చెప్పేవాణ్ని. మళ్లీ రాసిమ్మంటే రాసిస్తామంది ఒకరోజు. ఒకే ఇంటివాళ్లు రెండుసార్లు దరఖాస్తు పెడితే డూప్లికేటు అవుతుంది, అయిందో లేదో తెలియాలంటే ఫోల్డరు తెరవాలి, దాన్ని తెరవకూడదు కాబట్టి మళ్లీ రాయకూడదని వివరించాను. వివరించడం నాకు బాగా వచ్చు. ఆమె కాసేపు నా మొహం చూసి, మెట్లెక్కడానికి వెళ్లిపోయింది.

పద్దెనిమిదో తారీఖున కమిషనరు గారు ఆఫీసు సిబ్బంది అందరితో గుర్తింపు కార్యక్రమం పెట్టారు. ఒక్కొక్కరే తెర ముందుకు వచ్చి, ఫోల్డరును ఆరడుగుల దూరం నుంచి చూసి, ఇది నాకు తెలియదు అని రిజిస్టరులో సంతకం చెయ్యాలి. పంతొమ్మిదిమంది చేశారు. తెలుసని చెబితే ఏమవుతుందో ఎవరికీ తెలియదు, కాబట్టి అందరూ తెలియదన్నారు. నేను పదకొండోవాణ్ని. నా సంతకం అక్కడ ఇప్పటికీ ఉంది. అందరికంటే పొందికగా ఉంది.

సంతకాలు అవుతుండగా సన్యాసమ్మ వరండాలోంచి లోపలికి వచ్చింది. ఎవరూ ఆపలేదు, ఆమె కూడా వరసలో ఉందనుకున్నారు. తెర ముందు నిలబడి, వేలు గాల్లో పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది.

"మెట్లవీధి అని రాసున్నాది కదా బాబూ. ఇది మాదే. నాను గుర్తుపట్టినాను," అంది.

ఇన్ని రోజుల్లో, తెర ముందు నిలబడి ఆ ఫోల్డరు తెలుసన్న మనిషి ఆమె ఒక్కతే. పట్నాయక్ గారు కమిషనరు గారి వైపు చూశారు. కమిషనరు గారు సర్క్యులర్ తెప్పించి ఏడో అంశం చదివారు. అనుమానాస్పద ఫోల్డరుతో సంబంధమున్న వ్యక్తులను గుర్తించి, వారిని కంప్యూటరు పరిసరములకు దూరముగా ఉంచవలెను అని ఉంది. ఈమె సంబంధాన్ని స్వయంగా అంగీకరించింది. ఫోల్డరు పేరు చివర అరవై రెండు అని ఉంది కాబట్టి, ఇలాంటివాళ్లు ఇంకా అరవై ఒక్కరు ఉన్నారని తేలింది. ఇది వ్యక్తిగత స్థాయి దాటి సామూహిక స్థాయికి చేరిన పరిణామమని కమిషనరు గారు గంభీరంగా అన్నారు.

ఆ మధ్యాహ్నమే వరండాకు అడ్డంగా నైలాన్ తాడు కట్టించాం. దానికి నేను రాసిన బోర్డు వేలాడదీశాం: "మెట్లవీధి వాస్తవ్యులు తగు ధ్రువపత్రము లేనిదే ఈ హద్దు దాటరాదు." మర్నాటినుంచి సన్యాసమ్మ తాడు అవతల నిలబడేది. బోర్డు చదవగలిగింది కాబట్టి ఎవరూ చెప్పాల్సిన అవసరం రాలేదు. వయోజన విద్య వల్ల పరిపాలన ఎంత సులువవుతుందో అప్పుడు అర్థమైంది.

ఇరవై ఎనిమిదో తారీఖున జిల్లా నుంచి సాంకేతిక సమన్వయకర్త వచ్చారు. కిరీటి అని, కుర్రాయన, మెళ్లో మూడు ఐడీ కార్డులు. ఇప్పుడైనా స్కాన్ చేస్తారేమోనని నాకు ఆశ కలిగింది. ఆయన కుర్చీలో కూర్చుని, చేతులు కట్టుకుని, గంటన్నరసేపు ఫోల్డరును అలా చూశారు. పదకొండింటికి చిలక ఎగిరింది. దాన్ని చూసి తలాడించి, సర్టిఫికెట్టు ఉందా అని అడిగారు. ఉందన్నాను, చూపించాను. ఇక దాని జోలికి వెళ్లలేదు.

ఆయన నివేదిక ఒక పేజీ. "సదరు ఫోల్డరు గంటన్నర పరిశీలనలో ఎట్టి కదలికను, ఎట్టి చర్యను కనబరచలేదు. ఇది సాధారణ ఫోల్డరు లక్షణము కావచ్చును. అయితే అదను కొరకు వేచియున్న వైరస్ లక్షణము కూడ ఇదియే. కావున శాశ్వతముగా తొలగించుట శ్రేయస్కరము." తొలగింపుకి ముప్పయ్యో తారీఖు, మధ్యాహ్నం పన్నెండున్నర ముహూర్తం. చిలక వెళ్లిపోయి, టీలు పూర్తయి, అందరూ ఖాళీగా ఉండే టైము అది.

ముప్పయ్యో తారీఖున ఇద్దరు పంచుల సమక్షంలో పంచనామా రాశాం. మౌసు పట్టుకోవడం నాకు అప్పగించారు. ఫోల్డరును తాకడానికి అనుమతిస్తూ కమిషనరు గారు విడిగా ఉత్తర్వు ఇచ్చారు. డిలీట్ నొక్కాను. తెర మీద ఒక డబ్బా వచ్చింది. ఈ ఫోల్డరును శాశ్వతంగా తొలగించాలని మీరు నిశ్చయించుకున్నారా అని అడిగింది. కింద అవును, కాదు అని రెండు బటన్లు.

ఆ డబ్బా అలాంటి ప్రశ్న అడుగుతుందని సర్క్యులర్‌లో గాని, నివేదికలో గాని లేదు. మీరు అంటే ఎవరు అని పట్నాయక్ గారు నెమ్మదిగా అడిగారు. మౌసు పట్టుకున్నవాడా, ఉత్తర్వు ఇచ్చినవారా, నివేదిక రాసినవారా? నిశ్చయించుకునే అధికారం సీనియర్ అసిస్టెంటుకి లేదని నేను మనవి చేశాను. తొలగింపు చూడ్డానికి మళ్లీ వచ్చిన కిరీటి గారు తాను శ్రేయస్కరమని మాత్రమే రాశానని, నిశ్చయమని ఎక్కడా రాయలేదని చెప్పి, జిల్లా కేంద్రంలో పనుందని బయల్దేరారు. కమిషనరు గారు ప్రశ్నను రెండుసార్లు చదివి, ఫైలు తెప్పించుకుని, నా నోట్ కింద "చర్చించండి" అని రాసి, వీడియో కాన్ఫరెన్సుకి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు భోజనాలకు వెళ్లారు. డబ్బాకు పొరపాటున ఎవరైనా జవాబు చెప్పకుండా కాపలా కాయమని నన్ను కూర్చోబెట్టారు.

మూడు గంటలకు నేను ఒక్కణ్నే ఉన్నాను. తాడు అవతల సన్యాసమ్మ ఉంది. పొద్దున్నుంచీ అక్కడే ఉంది. కింద వీధిలో పైపులు లారీకి ఎక్కిస్తున్న చప్పుడు మా ఆఫీసుకి వినిపిస్తోంది. ఇనుము ఇనుముకి తగిలినప్పుడల్లా ఆమె అటు చూసి, మళ్లీ నా వైపు చూస్తోంది. నేను తెర చూస్తున్నట్టు కూర్చున్నాను.

"బాబూ," అంది కాసేపటికి, "ఆ ఫోల్డర్ని ఎరగనని సెప్పినారు, సరే. నన్నెరుగుదురా మీరు?"

ఎరుగుదును. ఆమె కొడుకు పుట్టినప్పుడు జనన ధ్రువపత్రం రాసింది నేనే, ఉద్యోగంలో చేరిన ఏడాది. ఆమె భర్త అప్పన్న పోయినప్పుడు మరణ ధ్రువపత్రం రాసిందీ నేనే. ఆ ఇంటి మంచీ చెడూ రెండూ నా చేతిరాతలోనే ఉన్నాయి. అప్పన్న పేరులో ఒత్తు మరిచిపోతే, ఆమె ఎండలో నాలుగుసార్లు తిరిగింది, నాలుగోసారి నేను దిద్దాను. ఇరవై ఏడేళ్లలో ఆమె ఈ ఆఫీసుని అడిగినవి మూడే కాగితాలు. మూడోది ఇప్పుడు నా మౌసు కింద ఉంది. నాకు సిగ్గేసింది. ఈ మాటకు నోట్ ఫైలు భాషలో సమానమైనది ఏదీ లేదు, ఉంటే అదే రాసేవాణ్ని.

"ఎరుగుదును సన్యాసమ్మా," అన్నాను.

"మరేటి?" అంది. అంతే.

"కాదు" అన్న బటన్ నొక్కాను. డబ్బా పోయింది. ఆఫీసులో అంత తొందరగా తేలిన ప్రశ్నను నేను అంతకుముందు చూడలేదు. తర్వాత ఫోల్డరు మీద రెండుసార్లు నొక్కాను. అది తెరుచుకుంది. ఏమీ పేలలేదు. అరవై రెండు దరఖాస్తులు వరసగా ఉన్నాయి, ఇంటి నంబర్ల ప్రకారం. ఒక్కోదాని మీద ఒక ఫోటో, ఎవరి గుమ్మం ముందు వాళ్లు నిలబడి తీయించుకున్నది. చాలామంది పక్కన ఖాళీ బిందెలున్నాయి. ఇందుమతి ఒక్క పేరులో కూడా ఒత్తు మరిచిపోలేదు.

జాబితా ప్రింటు తీశాను. కాగితరహిత కార్యాలయంలో కాగితం దొరకక, కాండక్ట్ సర్టిఫికెట్ల ఫారాలు మిగిలిపోతే వాటి వెనక వైపు తీశాను. సంతకం పెట్టాను. ఇరవై ఏడేళ్లలో "కమిషనరు తరఫున" అని రాయకుండా పెట్టిన మొదటి సంతకం అది. తాడు కింద నుంచి వంగి బయటికి వచ్చి, సన్యాసమ్మ నడక వేగానికి తగ్గట్టు నడిచి, నాలుగూ ఇరవైకి కింద వీధికి చేరాం. ఇంజినీరు గారు లారీ పక్కన నిలబడి ఉన్నారు. జాబితా తీసుకుని, అరవై రెండు వరకు లెక్కపెట్టుకుని, ఇన్ని రోజులూ ఏం చేశారండీ అన్నారు. పైపులు దింపండర్రా అని కూలీలకు చెప్పారు. ఫోల్డరు ఎలాంటిదని ఆయన అడగలేదు. ఆయనకు పైపులు తప్ప వేరే విషయాలు తెలియవు.

తర్వాతి నెల ఎనిమిదో తారీఖున చిలక మామూలుగానే పదకొండింటికి వచ్చింది. కానీ వెళ్లలేదు. మేం టీ తాగి వచ్చాం, భోజనం చేసి వచ్చాం, చిలక తెర మధ్యలో అలాగే ఉంది. సాయంత్రానికి తెర నల్లబడింది. రెండువందల పదమూడు ఫోల్డర్లూ పోయాయి, చిలకతో సహా. ఊరి ఇంటి నంబర్లు, జనన మరణాలు, "సారు చెప్పింది", ఏదీ మిగల్లేదు. ఇందుమతి ఫోల్డరు కూడా పోయింది, కానీ దాని పని అప్పటికే అయిపోయింది.

విచారణ జరిగింది. విచారణ అధికారి తర్కం చాలా శుభ్రంగా ఉంది, నేనే రాసినా అంత బాగా రాయలేను. నష్టం జరిగిన నాటికి కంప్యూటరులో రెండువందల పద్నాలుగు ఫోల్డర్లు ఉన్నాయి. వాటిలో రెండువందల పదమూడింటి నడవడిక సంతృప్తికరమని గజిటెడ్ అధికారి ధ్రువీకరించారు. ఒకదాని నడవడిక మిక్కిలి సంతృప్తికరం. ధ్రువీకరణ లేనిది ఒక్కటే, దాన్ని తెరిచింది నేను. నష్టానికి కారణం వేరే ఏముంటుంది? నాకు మందలింపు ఇచ్చి, కుక్కల లైసెన్సుల సెక్షనుకి మార్చారు. అక్కడ కంప్యూటరు లేదు. గెడ్డపాలెంలో లైసెన్సు ఉన్న కుక్కలు మూడు, మూడూ నాకు వ్యక్తిగతంగా తెలుసు.

ఈలోగా మెట్లవీధికి పైపులు ఎక్కాయి. పరీక్ష కోసం రెండ్రోజులు నీళ్లు వదిలారు, జనం పట్టుకున్నారు. ప్రారంభోత్సవం కాని కుళాయి నుంచి నీళ్లు పట్టుకోవడం పద్ధతి కాదని కమిషనరు గారు దాన్ని కట్టేయించారు. ఆయనకు ఖాళీ దొరికేసరికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ వీధివాళ్లు కొత్త కుళాయి పక్కనుంచే మెట్లు దిగి, కింద పాత కుళాయి దగ్గర నీళ్లు పట్టుకుని, కొత్త కుళాయి పక్కనుంచే పైకెక్కారు.

ప్రారంభోత్సవం సన్యాసమ్మ ఇంటి ముందు పెట్టారు, మెట్ల పక్కన కొంచెం చదును చోటు అక్కడే ఉంది. షామియానా వేశారు. నేను కుక్కల సెక్షను తరఫున హాజరయ్యాను, వీధికుక్కలు సభలోకి రాకుండా చూడమని ఆజ్ఞ. కమిషనరు గారు మెట్లన్నీ ఎక్కి, ఆయాసం తీర్చుకుని మాట్లాడారు. మెట్లవీధి దరఖాస్తులను తమ కార్యాలయం ఇరవై రోజులపాటు ఎవరూ తాకకుండా కంటికి రెప్పలా కాపాడిందని, పౌరసేవల పట్ల తమ నిబద్ధతకు అది నిదర్శనమని అన్నారు. పట్నాయక్ గారు ముందుగా చప్పట్లు కొట్టారు. వెనక నేను కూడా కొట్టాను, అలవాటు.

రిబ్బను కత్తిరించాక కమిషనరు గారు కుళాయి తిప్పారు. కింద బిందె పెట్టుకుని సన్యాసమ్మ కూర్చుని ఉంది, మోకాలు వంగక ఒక కాలు చాపుకుని. ఫోటో తీసే ఆయన ఇటు చూడండన్నాడు. కమిషనరు గారు కుళాయి మీద చెయ్యి ఉంచి, ఆమె వైపు వంగి, ఎంతో ఆదరంగా, "మీరెవరమ్మా?" అని అడిగారు.

ఆమె తల ఎత్తి చూసింది.

"ఇరవై దినాలు మీ వరండాలోనే నిలబడినాను బాబూ. మీరు నన్నెరగరు, సరే. నాను మాత్తరం మిమ్మల్ని బాగా ఎరుగుదును," అంది.

కమిషనరు గారి నవ్వు ఫోటోలో వచ్చింది గానీ, ఆయన చెయ్యి కుళాయి మీదే ఉండిపోయింది. బిందె నిండి నీళ్లు మెట్ల మీదకు పొర్లుతున్నాయి. ఎవరూ కదలకపోతే నేనే వెళ్లి కుళాయి కట్టేశాను.